ఒకే బంతి, ఇద్దరు నేస్తాలు

బాస్కెట్‌బాల్‌లో ఇద్దరు పాయింట్ గార్డుల్ని ఒకే జట్టులో పెట్టి ఆడించి గెలిచిన మొట్టమొదటి మనిషిని నేను. ఈ మాట పలాస రైల్వేస్టేషన్లో నిలబడి చెప్పమన్నా చెబుతాను. అమెరికా వాళ్ళు ఇవాళ్టికీ ఈ సంగతి తేల్చుకోలేక జుట్టు పీక్కుంటున్నారు. నేను తొంభైల చివర్లో, కాశీబుగ్గలో, జీడిగింజలు చెల్లాచెదరుగా పడి ఉన్న సిమెంటు గచ్చు మీద తేల్చి పారేశాను. ఆ ఏడాది మా ఆడపిల్లలు రాష్ట్రాన్ని ఊపేశారు. రాష్ట్రం అంటే మరీ రాష్ట్రం కాదనుకోండి, జిల్లా. జిల్లా అంటే ఆ చివర నుంచి ఈ చివర దాకా అని కాదు. టెక్కలి చుట్టుపక్కల బళ్ళు. ఆ బళ్ళలో బాస్కెట్‌బాల్ రింగు ఉన్నవి ఒక చేతి వేళ్ళకు సరిపోతాయి, బొటనవేలు మిగులుతుంది కూడా. అయితేనేం, గెలుపు గెలుపే కదా.

ఇదంతా ఇప్పుడెందుకు తవ్వుతున్నానంటే, కారణం మా అల్లుడు. పోయిన నెల టెక్కలి నుంచి వచ్చి మా ఇంట్లో రెండు పూటలున్నాడు. తెల్లారి లేచేసరికి అరుగు మీద ఫోను పట్టుకుని, దగ్గరివాళ్ళెవరో పోయినట్టు ముఖం పెట్టుకుని కూర్చున్నాడు. ఏటయింది బాబూ అంటే, తను చూసే అమెరికా జట్టువాళ్ళు ఇంకో పాయింట్ గార్డును తెచ్చుకున్నారట. "ఉన్నోడికే బంతి సేతిలో నేకపోతే ఊపిరాడదు మావయ్యా. వచ్చినోడూ అదే రకం. ఇద్దరు మనుషులు, ఒక్క బంతి. నడవదు" అన్నాడు. "ఎందుకు నడవదు, నేను నడిపించాను" అన్నాను. పిల్లనిచ్చిన మామగారిని ఏమీ అనలేక అల్లుళ్ళు ఒక రకంగా నవ్వుతారు చూడండి, అలా నవ్వి టిఫిన్‌కి లేచిపోయాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. అందుకే ఈ కాగితాలు.

పాయింట్ గార్డు అంటే తెలియని వాళ్ళకు ఒక్క మాట. ఐదుగురు ఆడే ఆటలో, బంతిని నేలకు కొట్టుకుంటూ మన కొస నుంచి అవతలి కొసకు తీసుకెళ్ళి, ఎవరికి ఎప్పుడు అందించాలో తేల్చే మనిషి. పెళ్ళివారింట్లో సామాన్ల గది తాళంచెవి బొడ్లో దోపుకుని తిరిగే మేనత్త లాంటిది. ఆమె కదిలితేనే పప్పు వస్తుంది, ఆమె కదిలితేనే బెల్లం వస్తుంది. అలాంటి మేనత్తలు ఒక పెళ్ళిలో ఇద్దరుంటే ఏమవుతుందో మీరు చూసే ఉంటారు. పప్పూ రాదు, బెల్లమూ రాదు. వంటవాడు మాత్రం దొడ్డివైపు కూర్చుని బీడీ కాల్చుకుంటూ ఉంటాడు.

అప్పటికి నాకు నలభై దగ్గర పడ్డాయి. అయినా ఆ రోజుల్నే నా చిన్నతనం అంటాను. డ్రిల్లు మాస్టారు ఉద్యోగం ఆలస్యంగా దొరికింది. విజిల్ మెడలో పడ్డాకే నాకు మీసం మొలిచినంత సంబరమైంది. నేను యూనివర్సిటీ జట్టుకు ఆడినవాణ్ణని బళ్ళో చెప్పుకునేవాణ్ణి. ఆడిన మాట నిజం కాదు. బెంచీ మీద కూర్చున్నాను. బెంచీ మీద కూడా చోటు దొరక్క, దాని వెనక తువ్వాళ్ళు పట్టుకుని నిలబడ్డాను. కానీ అక్కడ నిలబడినవాడికి ఆట బాగా కనపడుతుందని మీరు ఒప్పుకోవాలి.

మా ఇల్లు కాశీబుగ్గలో ఒక జీడి బట్టీకి వెనక వీధి. పొద్దున్నే గింజలు కాల్చే పొగ వచ్చి గొంతులో కూర్చునేది. కొత్తవాళ్ళకు దగ్గు, మాకు గడియారం. ఆ పొగ వచ్చిందంటే లేవాలి. దుప్పట్లకూ, పుస్తకాలకూ, ఆఖరికి నా విజిల్‌కూ అదే వాసన. గింజలు కొట్టే ఆడవాళ్ళు చేతులకు బూడిద రాసుకుని మా గుమ్మం ముందు నుంచే పనికి పోయేవాళ్ళు, జీడి నూనె తగిలితే చర్మం పొక్కుతుంది కనుక. అమ్మ అప్పటికే అరుగు మీద ఉండేది, అడ్డపొగ తాగుతూ. అంటే చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీల్చడం. మా వైపు ఆ వయసు ఆడవాళ్ళకు అదొక సుఖం. నోట్లో నిప్పు ఉండగానే మాట్లాడేది, తిట్టేది, తగువులు తీర్చేది. ఒక్కసారి కూడా నాలుక కాల్చుకోగా చూడలేదు. చద్దన్నంలోకి ఉల్లిపాయ ఎవరైనా పెడతారు. మా అమ్మ కొబ్బరి ముక్క కూడా పెట్టేది. ఉద్దానం ఆడపడుచు, కొబ్బరి లేకుండా ఆవిడకు తెల్లవారదు.

అమ్మకు ఒక నేస్తం ఉండేది. నేస్తం అంటే ఊరికే స్నేహితురాలని కాదు. మా వైపు ఇద్దర్ని కూర్చోబెట్టి, కొత్త గుడ్డలు మార్పించి, ఒకరి నోట్లో ఒకరి చేత బెల్లం పెట్టించి, పెద్దల ఎదుట నేస్తం కట్టిస్తారు. కట్టాక అది చుట్టరికం కంటే గట్టిది. ఒకరినొకరు పేరు పెట్టి పిలవకూడదు. జన్మలో మాటామాటా అనుకోకూడదు. చేతికి ఏది వచ్చినా ముందు నేస్తానికి ఇచ్చాకే తను ముట్టాలి. అమ్మ నేస్తం వజ్రపుకొత్తూరు వైపు నుంచి బస్సులో ఎండుచేపల బుట్టతో దిగేది. ఆ బుట్ట కోసం కండక్టరుతో పోట్లాడి, మా గుమ్మంలోకి వచ్చేసరికి చల్లబడిపోయేది. ఇద్దరూ దొడ్లో ఒకే రోట్లో రెండు రోకళ్ళు వేసి పిండి దంచేవాళ్ళు. ఒకరిది లేస్తే ఒకరిది దిగేది. మాట ఉండేది కాదు, హుం, హుం అనే ఊపిరి తప్ప. ఆవిడ పేరేమిటో నాకు ఇవాళ్టికీ తెలియదు. అమ్మ నోట ఎప్పుడూ రాలేదు మరి.

ఇక మా గచ్చు సంగతి. బడి కమిటీకి సెక్రటరీ గారు జీడి వ్యాపారి. ఎవరో పెద్ద అధికారి బడి చూడటానికి వస్తున్నాడంటే ఉత్సాహంలో సిమెంటు గచ్చు పోయించి, రెండు వైపులా రింగులు నాటించాడు. అధికారి రాలేదు. గచ్చు మిగిలింది. మా చుట్టుపక్కల అంత నునుపైన, అంత వెడల్పైన, పొద్దంతా ఎండ పడే నేల ఇంకొకటి లేదు. గింజలు ఎండబెట్టడానికి దేవుడు ఇచ్చినట్టుండేది. ఆఫ్రికా నుంచి ఓడల్లో విశాఖ వచ్చిన గింజలు లారీల్లో మా ఊరికి చేరే కాలం అది. సెక్రటరీ గారు మొదట ఒక మూల ఆరబోయించాడు. తరవాత సగం. మేము మిగతా సగంలో, ఒక్క రింగు కింద ఆడుకునేవాళ్ళం. పొద్దున వెళ్ళగానే మా మొదటి డ్రిల్లు చీపుళ్ళతో. అప్పటికీ ఎక్కడో ఒక గింజ ఉండిపోయి బంతి ఎటో ఎగిరేది. ఒకరోజు ఆయన నన్ను పిలిచి చెప్పేశాడు.

"మాస్టారూ, మీ ఆట వల్ల నాకు ఒరిగిందేటీ నేదు. టెక్కలి పోటీల్లో గెలిసి రండి, గచ్చు మీదే. గింజ ఒక్కటి పడనివ్వను. గెలవకపోతే ఆ మర్నాడే రింగులు పీకించి మొత్తం ఆరబోసేత్తాను. అప్పుడు నన్నేటీ అనకండి."

"గెలుస్తామండీ" అన్నాను. గెలుస్తామని నాకేమీ నమ్మకం లేదు. కానీ రింగులు పోతే ఆ పిల్లలు ఏం చేస్తారో నాకు తెలుసు. అబ్బాయిలకు క్రికెట్టు ఉంది, తోటలున్నాయి, ఏట్లో ఈత ఉంది. ఆడపిల్లలు గట్టిగా అరుస్తూ పరిగెత్తడానికి ఊళ్ళో ఆ గచ్చు ఒక్కటే. దాని మీద ఉన్నంతసేపు ఎవరూ వాళ్ళను నెమ్మదిగా నడవమని అనరు.

నా జట్టులో ఇద్దరున్నారు. ఒకతె నీలవేణి. ఉద్దానంలో కొబ్బరితోటల ఊరు, కాశీబుగ్గలో పెద్దమ్మ ఇంట్లో ఉండి చదువుకునేది. మాట తక్కువ. బంతి చేతికి వస్తే దించదు. గింజల మధ్య ఆడీ ఆడీ బంతిని చీలమండ ఎత్తుకు మించి లేవనిచ్చేది కాదు. దాని చేతిలోంచి బంతి లాక్కోవాలంటే నేల మీద పడుకోవాలి. రెండోది రూతు. తండ్రి రైల్వేలో పని, బాప్టిస్టు సంఘంవాళ్ళు, తల్లి ఆదివారం గుడిలో పాటలు ఎత్తుకునే మనిషి. ఆ గొంతే దీనికీ వచ్చింది. గచ్చు ఈ చివర నుంచి అరిస్తే ఆ చివర ఉన్నవాళ్ళు కదలాల్సిందే. ఎవరు ఎక్కడ ఖాళీగా ఉంటారో దానికి ముందే తెలుసు. ఇద్దరూ మేనత్తలే. తాళంచెవి ఒక్కటే.

నీలవేణి బంతి తెస్తుంటే రూతు నడుం మీద చెయ్యి పెట్టుకుని చూస్తూ నిలబడేది. రూతు తెస్తుంటే నీలవేణి వంగి కాలి పట్టీ సర్దుకునేది, ఆట అయిపోయేదాకా. నేను విజిల్ ఊదితే ఇద్దరూ ఒకేసారి నా మీద పడేవాళ్ళు.

"అది నాకు ఇయ్యదు మాస్టారూ" అనేది నీలవేణి.

"ఇత్తే తిరిగొత్తాదేటి? నీకిత్తే సముద్రంలో ఏసినట్టే కదే."

"సూడండి, మీ ఎదరే ఎలాగంతాదో."

ఒక్కొక్కరిని విడిగా ఆడిస్తే జట్టు కుంటేది. నీలవేణి ఒక్కతే ఉంటే బంతి పోదు కానీ ఎవరికీ రాదు. రూతు ఒక్కతే ఉంటే అందరికీ వస్తుంది కానీ దారిలో ఎవరో లాక్కుపోతారు. ఇద్దరూ కావాలి. ఇద్దరూ ఉంటే ఆట లేదు. టెక్కలి దగ్గర పడుతోంది. సెక్రటరీ గారి మనుషులు మా సగం వైపు కూడా గోనెలు తెచ్చి గోడకు ఆనించి పెట్టారు, మర్యాదగా.

ఒక సాయంత్రం ఇదంతా అమ్మ దగ్గర మొత్తుకున్నాను. అమ్మ చుట్ట తిప్పి నోట్లో పెట్టుకుంది, పొగ ముక్కులోంచి వదిలింది.

"ఇందులో ఏటుందిరా. ఇద్దర్నీ నేస్తం కట్టీ."

"ఆటకీ నేస్తానికీ ఏం సంబంధమే?"

"గుంటలిద్దరూ ఒకల మీదొకలు పడి సత్తన్నారన్నావు. నేస్తం కట్టినాక పడమను సూద్దాం. నోరెత్తితే పాపం."

ఆ రాత్రి నాకు ఆనందంతో నిద్ర పట్టలేదు. పీఈటీ కాలేజీలో ఎంతమంది ప్రొఫెసర్లు పాఠాలు చెప్పారు, ఒక్కరికీ ఈ ఆలోచన రాలేదు. ఆదివారం మధ్యాహ్నం మా దొడ్లోనే కార్యక్రమం. నీలవేణి పెద్దమ్మ జాకెట్టు గుడ్డ, అరటిపళ్ళు, రెండు కొబ్బరికాయలు తెచ్చింది. రూతు తల్లి గుడి నుంచి నేరుగా వచ్చింది, కేకు ముక్కలు పొట్లం కట్టుకుని. "మాకు బొట్టూ పసుపూ వద్దండీ, ప్రార్థన చేసుకుంటాం" అంది మొహమాటంగా. "సేసుకోమ్మా, ఎవులొద్దన్నారు. ఎంత మంది దేవుళ్ళు సూత్తే అంత గట్టి" అంది అమ్మ. ఆవిడ ప్రార్థన చేసినంతసేపూ గౌరవంగా చుట్ట నోట్లో లోపలే దాచి, కళ్ళు మూసుకుని కూర్చుంది. ప్రార్థన కాస్త పెద్దదైంది. చివరికి ఆమెన్ అనగానే అమ్మ రెండు చెవులు తప్ప అన్నింటిలోంచీ పొగ వచ్చింది. పిల్లలిద్దరూ బెల్లం ముక్క నోట్లో పెట్టుకుని పగలబడి నవ్వారు. మొట్టమొదటిసారి ఒకే విషయానికి ఇద్దరూ నవ్వడం చూశాను. గెలిచేశాం అనుకున్నాను.

మర్నాడు గచ్చు మీద నేను చూసింది ఎలా చెప్పను. బంతి రూతు దగ్గర ఉంది. నీలవేణిని చూడగానే ఆగిపోయింది.

"నేస్తం, నువ్వట్టుకో."

"ఒద్దు నేస్తం, నువ్వే తీసికెల్లు."

"నిన్నొగ్గేసి నాను ఎలాగెల్తాను?"

"నాకిచ్చీసి నువ్వు ఏటి సేత్తావు మరి?"

బంతి అటు వెళ్ళేది, ఇటు వచ్చేది. రింగు ఎక్కడుందో ఇద్దరికీ గుర్తు లేదు. ఒకసారి నీలవేణి రింగు కిందికి పోయింది, చుట్టూ ఎవరూ లేరు, ఊరికే వదిలితే పడుతుంది. వదల్లేదు. నేస్తం రాకముందే తను ఎలా వేస్తుందని బంతి చంకలో పెట్టుకుని నిలబడింది. రూతు వచ్చింది. "నువ్వు ముందొచ్చినావు కదా, నువ్వే ఎయ్యి" అంది. "అదేటి నేస్తం, పెద్దదానివి, నువ్వుండగా నానా" అంది ఇది. పెళ్ళిళ్ళలో వియ్యంకులు నడవలో ఒకరినొకరు ముందు పొమ్మనుకోవడం చూశాను కానీ, చెమటలు కారుతూ అలా పొమ్మనుకునేవాళ్ళను అదే చూడటం. మిగతా ముగ్గురు పిల్లలు పక్కకు పోయి జీడిగింజలతో అచ్చనగాయలు ఆడటం మొదలుపెట్టారు.

పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చి "అమ్మా, ఆ కట్టింది విప్పేద్దామే" అన్నాను. అమ్మ నన్ను చూసిన చూపు ఇప్పటికీ వీపు మీద ఉంది. "గేదెని కట్టినానేటిరా ఇప్పీడానికి? పెళ్ళైతే పెద్దమనుషుల్ని పిలిసి తెంపుతారు. నేస్తాన్ని తెంపినోల్లని నానెక్కడా సూళ్ళేదు." అంతే. ఇంతకు ముందు ఇద్దరికీ బంతి కావాలి. ఇప్పుడు ఇద్దరికీ అక్కర్లేదు. రెండింటిలో ఏది నయమో ఆలోచిస్తూ టెక్కలి బస్సెక్కాను.

టెక్కలిలో మూడు ఆటలు గెలిచి ఫైనల్‌కు వెళ్ళాం. మూడు అన్నానా. రెండు. అసలు సంగతి ఏమిటంటే, మేం ఆడాల్సిన మొదటి బడివాళ్ళు రానే లేదు. వాళ్ళ మాస్టారికి ఓటర్ల జాబితాల డ్యూటీ పడిందట. కనుక మేము బస్సు దిగి, పులిహోర పొట్లాలు విప్పి, ఫైనల్‌కు చేరిపోయాం. అవతల టెక్కలి పిల్లలు. మనుషులు తాటిచెట్లు. తాటిచెట్లు అనడం మరీ ఎక్కువ, కానీ మా పిల్లలకంటే ఒక తలకాయ పొడుగు, అది మాత్రం అబద్ధం కాదు. కాలేజీ పక్క మట్టి గ్రౌండు. ఎర్రటి ఎండ. సెక్రటరీ గారు జీపులో స్వయంగా వచ్చాడు. పక్కన గింజల ఏజెంటు. ఇద్దరూ జీపులోంచి దిగకుండానే గోనెల గురించి మాట్లాడుకుంటున్నారు.

మొదటి సగం నేను రాయను. వాళ్ళకు పద్నాలుగు, మాకు రెండు. ఆ రెండు కూడా టెక్కలి పిల్ల ఒకతె దిక్కు మరిచిపోయి తన వైపు రింగులో వేసుకున్నవి. మా నేస్తాలిద్దరూ ఆ తాటిచెట్ల మధ్య నిలబడి నువ్వంటే నువ్వనుకుంటుంటే, టెక్కలి పిల్లలు మధ్యలోంచి బంతి తీసుకుని, పాపం చాలా మర్యాదగా, వెళ్ళి వేసి వచ్చేవాళ్ళు. రిఫరీ నా వైపు చూసి "ఈళ్ళు ఏ ఊరోళ్ళండీ బాబూ, ఇంత మంచోళ్ళు" అన్నాడు.

విరామంలో పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని నేను చెప్పిన నాలుగు మాటలే ఈ కథకు గుండెకాయ. అల్లుడు చదువుతాడని ప్రత్యేకంగా రాస్తున్నాను. "ఇద్దరు కలిసి ఒక రోట్లో పిండి దంచుతున్నప్పుడు, నువ్వు దంచు, కాదు నువ్వు దంచు అని ఎవరైనా అనుకుంటారా?" అన్నాను. "ఒక రోకలి దిగుతుంటే రెండోది ఊరికే ఉండదు, పైకి లేస్తుంది. లేవడం కూడా దంచడంలో భాగమే. బంతి ఉన్నది దిగే రోకలి. లేనిది లేచే రోకలి. బంతి లేనిది అవతలి మూలకు పరిగెత్తితే కాపలాదారు వెంటబడుతుంది, దారి ఖాళీ అవుతుంది. నేస్తానికి ఇవ్వాల్సింది బంతి కాదర్రా, దారి." ఇద్దరూ నా ముఖంలోకి చూశారు. వాళ్ళ కళ్ళలో ఏదో వెలిగింది. ఇలాంటి మాట నేను అంతకు ముందు అనలేదు, ఆ తరవాత కూడా అనలేదు.

రెండో సగం. ఇక మీరు చూడాలి. బంతి మా వైపు నుంచి వస్తోంది, వస్తోంది, ఉన్నట్టుండి నీలవేణి చేతిలో ఉంది, చీలమండ ఎత్తులో తాటిచెట్ల కాళ్ళ మధ్య పాములా పోతోంది. మరుక్షణం ఆ మూల రూతు అరుపు, బంతి అక్కడ ఉంది. ఒకతె లేస్తే ఒకతె దిగుతోంది. టెక్కలి పిల్లలకు ఎవరిని కాయాలో తెలియక ఒకరినొకరు గుద్దుకున్నారు. జీపులో గోనెల మాట ఆగిపోయింది. ఏజెంటు దిగి జీపు బానెట్ మీద కూర్చున్నాడు. చివరి బుట్ట ఎవరు వేశారో నాకు సరిగ్గా కనపడలేదు, ఎండ కళ్ళలో పడింది. కానీ గ్రౌండు మొత్తం లేచి నిలబడింది. ఇరవై పాయింట్ల తేడాతో గెలిచాం. సరే, ఒక్క పాయింటు. ఆ ఒక్కదానికీ నేను ఎగిరిన ఎగురుడుకు చెప్పు తెగిపోయింది.

సెక్రటరీ గారు ఏజెంటు వైపు తిరిగి "గింజలు గోడౌను డాబా మీద ఆరబోసుకుందారండి. ఈ గుంటల్ని ఎవులు ఆపుతారు" అన్నాడు. మర్నాడు గచ్చు మీద గింజ ఒక్కటి లేదు. రెండు రింగులూ మావే. తిరుగు బస్సులో పిల్లలు కాశీబుగ్గ వచ్చేదాకా పాడుతూనే ఉన్నారు. నేస్తాలిద్దరూ ఒకే సీట్లో, చివరి పులిహోర పొట్లం నువ్వు తినంటే నువ్వు తినని తోసుకుంటూ. కండక్టరు మధ్యలో చెయ్యి పెట్టి తను తినేశాడు.

ఇప్పుడు మా వీధిలో పొగ లేదు. గింజల్ని ఆవిరి మీద ఉడికిస్తున్నారు, ఎండబెట్టడానికి యంత్రాలొచ్చాయి. పొద్దున లేవడానికి నాకు అలారం కావాల్సి వస్తోంది, అది కూడా మోగాక ఎందుకు మోగిందో తెలియడం లేదు. అడ్డపొగ తాగే ఆడవాళ్ళు ఎక్కడో తప్ప లేరు. అది మంచిదే అంటారు డాక్టర్లు, కాదనను. కిడ్నీ జబ్బులు పట్టుకున్న ఉద్దానం ఊళ్ళకు వెళ్తే ఏ ఇంట్లోనైనా చేతికి ఇచ్చే మంచినీళ్ళు టిన్నులోవి. బావి నీళ్ళ రుచి గురించి మాట్లాడటానికి ఎవరికీ నోరు రాదు. గచ్చు మాత్రం ఉంది, అక్కడక్కడ పగిలి. బడివేళల్లో టీచర్ల స్కూటర్లు నిలుపుతారు. సాయంత్రం ఆరు దాటాక స్కూటర్లు పోతాయి, ఆడపిల్లలు వస్తారు. నా తరవాత వచ్చిన మాస్టారు నాకంటే బాగా నేర్పుతున్నాడు. ఈ ముక్క నేను ఇంకెక్కడా ఒప్పుకోలేదు. ఆయన పిల్లలు ఒకరినొకరు పేర్లతో పిలుచుకుంటారు, ఫోనులో చూసి ఎత్తులు నేర్చుకుంటారు. బంతి నాదంటే నాదని కొట్టుకుంటూనే ఉంటారు. నేస్తం కట్టమని నేను సలహా ఇవ్వలేదు. ఇద్దామని రెండు మూడుసార్లు గేటు దాకా వెళ్ళాను.

ఇంతవరకు రాసి, నిన్న రూతు వస్తే చదవమని ఇచ్చాను. టెక్కలిలో నర్సు ఇప్పుడు, నాకు బీపీ చూడటానికి నెలకోసారి వస్తుంది. అరుగు మీద కూర్చుని, ఫోను స్పీకరులో పెట్టి, ఊళ్ళో కొబ్బరితోటలో ఉన్న నీలవేణికి వినపడేలా గట్టిగా మొత్తం చదివింది. నేను అరమోడ్పు కళ్ళతో వింటున్నాను. ఎంత బాగా రాశానో నాకే ఆశ్చర్యం వేసింది. చదవడం అయింది. ఫోనులో నవ్వు.

"నేస్తం, మాస్టారు మనకి రోకళ్ళ కత ఎప్పుడు సెప్పినారే?" అంది నీలవేణి.

"నాకూ తెల్దు నేస్తం" అంది రూతు, కాగితాలు మడుస్తూ. నా వైపు తిరిగింది. "మాస్టారూ, విరామంలో మీరు మా కాడికి రానేదు. సెక్రటరీ గారి జీపు కాడ ఉన్నారు, ఆయనకి గొడుగట్టి బతిమాలతా. ఆట అయ్యేదాకా ఆ గొడుగు ఒగ్గనేదు. ఎండ కళ్ళలో పడిందన్నారు, ఎలాగ పడతాదండీ గొడుగు కింద?"

"అయితే మరి మీరు ఎలా గెలిచారు?" అన్నాను. కొంచెం కోపంగానే.

"నానిత్తే నేస్తం తీసుకోదు. అదిత్తే నాను తీసుకోను. వేరే మనిషి వడ్డిత్తే ఇద్దరం తింటాం కదా. అందుకని బంతి కుమారికి ఇచ్చీసినాం. మొత్తం రెండో సగం అదే తెచ్చింది, అదే మా ఇద్దరికీ ఇచ్చింది, ఆఖరి బుట్ట కూడా అదే ఏసింది. ఇద్దరు పాయింట్ గార్డులు కలిసి ఆడనేదండీ, ఇద్దరం మానేసినాం. మీ అల్లుడుగారు సెప్పిందే రైటు." కాగితాలు నా ఒళ్ళో పెట్టింది. "మొత్తం ఎతికినాను మాస్టారూ. కుమారి పేరు మీరు ఇందులో ఒక్క కాడా రాయనేదు."